రాకూడని గాలి

బావా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్ళు. ఉదయం నీ ఫోటోకు దండ వేసి, అత్తిపట్టుకు రైలెక్కాను. నువ్వు నీళ్ళలో దిగే డైవరుగా చేసిన కాంట్రాక్టరు షెడ్డులోనే ఇప్పుడు నాకు పని. మీ డైవర్ల సామాను కడిగి, ఆరబెట్టి, బిగించి ఇస్తాను.

ఈ రోజు కరెంటు ప్లాంటుకు సముద్రపు నీళ్ళు తెచ్చే కాలువలో ఇనుప జాలీకి చెత్త అడ్డుపడింది. తీయడానికి డైవరు యోహాను దిగాలి. నోటికి గాలి అందించే రెగ్యులేటర్‌ను గాలి సిలిండర్‌కు బిగించి, నువ్వు ఇంట్లో నేర్పినట్టే, సిలిండర్ తెరవకముందు నోట్లో పెట్టుకుని పీల్చాను. రాకూడని గాలి వచ్చింది.

"దిగొద్దు యోహానూ, యాడనో చిల్లి ఉండాది."

"నిన్న కూడా దిగినాను గదక్కా, బాగానే ఉండింది."

సూపర్వైజరు గడియారం చూస్తున్నాడు. అయినా రెగ్యులేటర్ మూత విప్పాను. లోపలి పలుచని రబ్బరు బిళ్ళ అంచున వెంట్రుకంత చీలిక ఉంది. నీళ్ళలో దిగితే గాలికి బదులు ఉప్పునీళ్ళు అతని నోట్లోకి వచ్చేవి. కొత్త బిళ్ళ వేసి మళ్ళీ పీల్చాను. ఈసారి గాలి రాలేదు. అప్పుడే సిలిండర్ తెరిచి అతని చేతికిచ్చాను.

జాలీ శుభ్రం చేసి యోహాను నవ్వుతూ పైకి వచ్చాడు. "అక్కా, ఇంక నువ్వు చూడంది నేను నోట్లో పెట్టను" అన్నాడు.

"ఇదంతా నీకెవరమ్మా నేర్పించినారు?" అని సూపర్వైజరు అడిగాడు.

మా ఆయన అని ఊరుకోవచ్చు. కానీ అందరి ముందూ నీ పేరు గట్టిగా చెప్పాను బావా. నువ్వు ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా నా నోట రాని పేరు.