పెళ్లికూతురి బుట్ట

2003 మే 18, ఆదివారం

ఈరోజు సబ్బవరంలో అక్క కూతురి పెళ్లి. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సిన మేనమామను నేనే. నా కాళ్ల సంగతి అక్కకు తెలుసు. డాక్టరు మల్టిపుల్ స్క్లీరోసిస్ అని చెప్పినప్పుడు నా పక్కనే ఉంది. అయినా బుట్టకు ఒక పక్క పట్టుకుంటానని పట్టుబట్టాను.

గది గడప దాటగానే ఎడమకాలు మాట వినలేదు. బుట్ట ఒరిగింది, పిల్ల కెవ్వుమంది. వెనకున్నవాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

"మేనమామగారికి ఒంట్లో బాగోలేదేటండీ?" అని అక్క వియ్యంకుడు అడిగాడు.

"బాగానే ఉన్నాడండి. పొద్దున్నే తాగొచ్చేసాడు, ఏటి సేత్తాం," అంది అక్క, నా మొహంలోకి చూస్తూనే.

నరాల జబ్బని తెలిస్తే పిల్లకీ వస్తుందేమోనని పెళ్లి పీటల మీదే ఆపేస్తారని అక్క భయం. తాగుబోతు మేనమామ వల్ల ఏ పెళ్లీ ఆగదు. స్టీల్‌ప్లాంట్‌లో మా షిఫ్టువాళ్లు నన్ను మజ్జిగ అని పిలిచేవారు. వాళ్ల మందు పార్టీల్లో నేను ముట్టింది అదొక్కటే.

భోజనాల దగ్గర చెయ్యి వణికి సాంబారు పంచె మీద ఒలికింది. "ఇంకా దిగలేదురోయ్!" అని ఎవరో అరిస్తే పందిరంతా నవ్వింది. అందరికంటే ముందు అక్క నవ్వింది.

వెళ్లొస్తానంటే వియ్యంకుడు నా భుజం తట్టాడు. "మందు మానెయ్యండి బావగారూ, బంగారంలాంటి మనిషి మీరు."

"రేపట్నుంచి ముట్టనండి," అని ఆయన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను.

బస్సు దాకా అక్క నా రెక్క పట్టుకుని నడిపించింది. నేను ఎక్కాక కిటికీ దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది:

"పదహార్రోజుల పండక్కి రాకురా. ఒట్టేసినాక కూడా తూల్తే, ఆళ్లకి ఏటని సెప్పాలి?"