నాలుగో కౌంటరు కింది గోలు గీత

పౌరసేవల కార్యాలయ పరిపాలనాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: తమ కార్యాలయంలోకి "పనిలేని వ్యక్తులు" ప్రవేశించరాదని గోడకు అంటించిన ఉత్తర్వు నుండి ఏడుగురు వృద్ధులను మినహాయించుట, నాలుగో కౌంటరు పక్కన ఒక కుర్చీ వేయించుట గురించి.

సూచిక: (1) సదరు ఉత్తర్వు. (2) మా ఏడుగురి ఆనవాళ్లు రాసి వాచ్‌మన్ చేతికి ఇచ్చిన చీటీ. అందులో నన్ను "బట్టతల, ఎక్కువ మాట్లాడును" అని వర్ణించారు. మొదటి మాట మీద నాకు అభ్యంతరం లేదు.

నేను ముప్పై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేసి విరమించినవాడను. బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా సీసపు అక్షరాలు పేర్చగా వచ్చింది, అదీ అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారుగా. నేను పేర్చినవాటిలో ముప్పాతిక మువ్వీసం ప్రభుత్వ నోటీసులే కావడం వల్ల "పై విషయమును పురస్కరించుకొని" అనే మాట నాకు మా ఆవిడ పేరు కన్నా ముందే నోటికి వచ్చింది. కనుక ఈ అర్జీలో భాష ఎక్కడైనా తమ ఉత్తర్వులో భాష కన్నా మెరుగ్గా కనిపిస్తే, అది అహంకారం కాదు, అలవాటు అని గ్రహించగలరు.

పై విషయమును పురస్కరించుకొని మనవి చేయునది ఏమనగా:

1. తమ కార్యాలయం నిలిచిన స్థలం పన్నెండేళ్ల క్రితం వరకు మా జట్టు ఫుట్‌బాల్ మైదానం. తమ రికార్డులో దీన్ని "ఖాళీ స్థలం" అని రాసినట్టు తెలిసింది. శనివారం సాయంత్రం ఆరువేల మంది భుజాలు ఒరుసుకుంటూ నిలబడే చోటును ఖాళీ స్థలమని రాసిన గుమాస్తా ఎవరో గాని, ఆదివారం వచ్చి కొలిచి ఉంటాడు.

ఏది ఎక్కడ ఉండేదో మనవి చేస్తాను. ఇప్పుడు మంచినీళ్ల కుళాయి ఉన్నచోట మైదానం నడిబొడ్డు. ఉత్తరం హాలులో నాలుగో కౌంటరు ఉన్నచోట ఉత్తరపు గోలు. దక్షిణం హాలులో మరణ ధ్రువపత్రాలు ఇచ్చే చోట దక్షిణపు గోలు. తమ గది, మన్నించాలి, కార్నరు జెండా పాతే మూల. అక్కడ వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలిచేవి. తమ గదిలో గోడ చెమ్మగా ఉంటోందని మొన్న ఎవరో అన్నారు. అది మేస్త్రీ తప్పు కాదు. ఆ మూలకు ఆ అలవాటు ముందు నుంచీ ఉంది.

2. జట్టుకు ఊరి బయట కొత్త స్టేడియం కట్టారు కదా, అక్కడికే పోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. పోయాము. రెండు బస్సులు మారాలి. లోపల ప్రతి మనిషికీ నంబరు వేసిన కుర్చీ. లేచి నిలబడితే వెనకాయన భుజం తట్టి, "పెద్దాయనా, కూర్చోండి, కనబడట్లేదు" అన్నాడు. మాలో డ్రిల్లు మాస్టారు వెనక్కి తిరిగి, "బాబూ, ముప్పై ఏళ్లు నిలబడి చూశాను, కూర్చుంటే నాకు ఆఫ్‌సైడు తెలియదు" అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు. నిలబడినా ఆయనకు తెలియదు, అది వేరే సంగతి. దాంతో అటు పోవడం మానుకున్నాము. అప్పటి నుండి ఆట ఉన్న శనివారం మధ్యాహ్నం మూడింటికి తమ కార్యాలయానికి వచ్చి, ఒక్కొక్కరం టోకెను తీసుకుని, మాలో ఒకడైన దర్జీ చెవిలో పెట్టుకున్న రేడియో ద్వారా ఆట వింటున్నాము. టోకెను తీసుకున్నాం గనుక మాకు పని ఉన్నట్టే లెక్క అని నా వాదన. మా నంబరు పిలిచినప్పుడు మేము వెనకవారికి దారి ఇవ్వడం కేవలం మర్యాద.

3. ఇక అసలు నేరం. పాత మైదానంలో మాకొక పద్ధతి ఉండేది. మొదటి సగంలో మా జట్టు ఉత్తరపు గోలు మీదికి ఆడితే, జనం ఉత్తరాన నిలబడేవారు. సగం ఆట అయ్యాక జట్లు దిక్కులు మారతాయి కాబట్టి, జనమంతా కదిలి తూర్పు గోడ వెంట నడిచి దక్షిణానికి చేరేవారు. మన గోలు పడేటప్పుడు మనం దగ్గర ఉండాలని. దీన్ని మేము "కాపురం మార్చడం" అనేవాళ్లం. ఆరువేల మంది, చేతిలో టీ గ్లాసులు, చంకలో పిల్లలు, నోట్లో తిట్లు, పది నిమిషాల్లో కాపురం మార్చేవారు. ఒక్క టీ గ్లాసు కూడా ఒలికేది కాదు.

మా గోలుకీపరు మాత్రం మాకు ఎదురు వచ్చేవాడు. తన గోలు కాపాడుకోవాలి కదా, మేము దక్షిణానికి పోతుంటే అతడు ఉత్తరానికి. సరిగ్గా నడిబొడ్డు దగ్గర ఎదురుపడి, గ్లౌజు ఉన్న చెయ్యి ఒకసారి ఎత్తేవాడు. అతణ్ణి ఊరంతా తాళంకప్ప అని పిలిచేది. గోలుకు తాళం వేసినట్టు నిలబడతాడని. నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే ఉద్యోగం, శనివారం గోలుకీపరు. ఆ ఏడుగురిలో అతడొకడు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు.

4. గత నెల మూడో శనివారం మూడూ ముప్పావుకు దర్జీ చెవిలోంచి రేడియో తీసి, "సగం అయింది" అన్నాడు. మేము ఆరుగురం ఎప్పటిలాగే లేచి ఉత్తరం హాలు నుండి దక్షిణం హాలుకు బయలుదేరాము. తాళంకప్ప దక్షిణం నుండి ఉత్తరానికి బయలుదేరాడు. కుళాయి దగ్గర చెయ్యి ఎత్తాడు. ఇంతవరకు నేరం లేదు. అయితే ఆ రోజు హాలు నిండుగా ఉంది. ఆరుగురు ముసలివాళ్లు ఒక్కసారి టోకెన్లు పట్టుకుని లేచేసరికి, కౌంటర్లు మార్చారేమో అనుకుని సుమారు నలభై మంది మా వెంటపడ్డారు. మాకు వెనక చూసే అలవాటు లేదు. కాపురం మార్చేటప్పుడు వెనక జనం ఉండడం మాకు సహజం.

పెళ్లి నమోదుకు వచ్చిన ఒక కొత్త జంట ఆ తోపులాటలో మరణ ధ్రువపత్రాల కౌంటరు ముందు తేలింది. అక్కడి ఉద్యోగి తల ఎత్తకుండానే, "పోయింది ఎవరండీ?" అన్నాడు.

పెళ్లికొడుకు, "ఇంకా ఎవరూ పోలేదండీ" అన్నాడు.

"పోకుండా ఇక్కడికెందుకొచ్చారు?"

"అందరూ ఇటే వస్తుంటే వచ్చామండీ" అంది పెళ్లికూతురు.

"అందరూ ఇటే వస్తారమ్మా, కాకపోతే ఇంత తొందరేముంది?"

ఆ జంటకు కలిగిన అసౌకర్యానికి మా ఏడుగురి తరఫున క్షమాపణలు. ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నన్ను, "తాతగారూ, స్కోరెంత?" అని అడిగింది. ఆ కాపురం నిలబడుతుందని నా నమ్మకం.

5. శబ్దం చేశామన్న ఆరోపణ. ఒక్కసారే, అదీ డ్రిల్లు మాస్టారి ఈల. ఆయన జేబులో ఈల ఆయన గుండె కన్నా పాతది. గోలు పడితే అదంతట అదే మోగుతుంది.

6. ఇప్పుడు రాయబోయేదాని కోసమే ఈ అర్జీ. పైనవన్నీ నా నోటి తీట.

ఉత్తర్వు అంటించిన రోజు వాచ్‌మన్ తాళంకప్పను గేటు దగ్గర ఆపి, "తాతా, లోపల నీకేం పని?" అన్నాడు. వాచ్‌మన్‌ది తప్పు లేదు, అతని ఉద్యోగం అడగడమే. తాళంకప్ప వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. మూడు శనివారాలైంది, బయటికి రావడం లేదు. అతని కోడలు మా ఇంటికి వచ్చి చెప్పింది:

"బాబాయ్ గారూ, మామయ్యగారు శనివారం మధ్యాహ్నం స్నానం చేసి, చొక్కా వేసుకుని, గుమ్మం దాకా వస్తున్నారు. కాసేపు నిలబడి మళ్లీ లోపలికి పోయి చొక్కా విప్పేస్తున్నారు. అన్నం కూడా సగమే. మీరొచ్చి ఏదో ఒకటి తిట్టండి, మీ తిట్లకైతే లేస్తారు."

వెళ్లి తిట్టాను. లేవలేదు. "పనిలేని వాళ్లమని రాశార్రా" అన్నాడు. "పద్నాలుగేళ్లు నేనక్కడ చేసింది పని కాదా?"

అయ్యా, నేను మాటలు పేర్చి బతికినవాణ్ణి. ఇంటికి వచ్చి ఈ అర్జీ పేర్చడం మొదలుపెట్టాను.

వచ్చే శనివారం ఆట ఉంది. ఆ రోజు కూడా అతడు గుమ్మం దగ్గరే ఆగిపోతే, ఆ తర్వాత గుమ్మం దాకా కూడా రాడని కోడలి భయం. నా భయమూ అదే.

7. నలభై రెండేళ్ల నాటి ఒక అన్యాయాన్ని కూడా ఈ సందర్భంగా తమ దృష్టికి తేవడమైనది. ఫైనల్, రెండో సగం, చివరి నిమిషాలు. అవతలి జట్టువాడు కొట్టిన బంతి పై కర్రకు తగిలి కిందికి దిగింది. తాళంకప్ప ఒడిసి పట్టుకున్నాడు. బంతి గీత దాటిందని లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. గోలు ఇచ్చారు, ఓడిపోయాము. బంతి గీత దాటలేదని మేము ఆనాటి నుండి ఈనాటి వరకు ఏకగ్రీవంగా చెబుతున్నాము. ఆ సమయంలో మేమందరం కాపురం మార్చుకుని దక్షిణపు గోలు వెనుక, నూట పది గజాల దూరంలో ఉన్నమాట వాస్తవం. అయినను స్పష్టంగా చూశాము. ఆ గీత ఇప్పుడు నాలుగో కౌంటరు అమ్మాయి కాళ్లు పెట్టుకునే పీట కింద ఉన్నది.

కావున తమరిని కోరునది:

(అ) పనిలేని వ్యక్తుల జాబితా నుండి మమ్మల్ని తొలగించవలెను.

(ఆ) ఆట ఉన్న శనివారాలు మూడు నుండి ఐదు వరకు ప్రవేశం, మూడూ ముప్పావుకు కాపురం మార్చుటకు అనుమతి దయచేయవలెను. ఈసారి జనానికి ముందే, "మా వెనక రాకండి" అని చెప్పుకుంటూ నడుస్తాము.

(ఇ) తాళంకప్ప కూర్చొనుటకు నాలుగో కౌంటరు పక్కన గోడకు వీపు ఆనించి ఒక కుర్చీ వేయించవలెను.

(ఈ) సదరు కౌంటరు కింద పాత గీత ఉన్నచోట తెల్ల రంగుతో ఒక చార గీయించవలెను. ఒక బంతి పెట్టి చూసుకుని, వ్యవహారం తేల్చుకుంటాము.

ఈ అర్జీకి లోపలికి వచ్చే అర్హత ఉంది గాని, రాసినవాడికి లేనందున పోస్టులో పంపుతున్నాను. ఇంతమాత్రం చిత్తగించి, శనివారంలోగా ఒక మాట చెప్పించవలెను. ఆపై తమ ఓపిక.

తమ విధేయుడు, ఆనవాళ్ల చీటీలో మూడోవాడు,
విశ్రాంత కంపోజిటరు

తప్పొప్పుల పట్టిక

అచ్చయిన ఫారాన్ని చెరిపి రాయడం మా వృత్తిలో పాపం. అందుకని పై అర్జీని అలాగే ఉంచి, తప్పులు ఇక్కడ చేరుస్తున్నాను.

పోస్టులో వేసే ముందు సంతకం కోసం తాళంకప్ప ఇంటికి వెళ్లాము. డ్రిల్లు మాస్టారు కూడా వచ్చాడు. అర్జీ మొత్తం చదివి వినిపించాను. మంచం మీద కళ్లు మూసుకుని విన్నాడు. కొత్త జంట దగ్గర కొంచెం నవ్వాడు. ఏడో అంశం అవగానే కళ్లు తెరిచి, "అది కొట్టెయ్" అన్నాడు.

"ఏం?"

"దాటింది."

"ఏది దాటింది?"

"బంతిరా. గీత దాటింది. ఇంత." బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానెడు చూపించాడు.

డ్రిల్లు మాస్టారు మంచం పట్టె మీద కూలబడ్డాడు. "నలభై రెండేళ్లు నేను ఆ లైన్స్‌మన్‌ని తిట్టాను కదరా. వాళ్ల నాన్నని కూడా తిట్టాను. చెప్పలేదేం?"

"మీరు అడిగితే కదా. అంత దూరం నుంచి అంత బాగా చూసినవాళ్లకి మధ్యలో నేనేం చెప్పను?"

నాకు ఒళ్లు మండింది. "మరైతే ఆ నాలుగో కౌంటరు దగ్గరికెందుకురా పోతావు ప్రతి శనివారం? ఆ గోలు తలుచుకుని బాధపడుతున్నావని ఇన్నాళ్లూ నీ ముందు నోరెత్తకుండా తిరిగాం."

"నువ్వా? నోరెత్తకుండానా?" అన్నాడు. లేచి కూర్చున్నాడు. "దాటింది ఒక్కటేరా. పద్నాలుగేళ్లు మిగతావన్నీ అక్కడే ఆపాను. అవి చూసుకోడానికి పోతాను."

లోపలి నుంచి కోడలు, "బీరువాలోంచి చొక్కా తియ్యనా మామయ్యగారూ?" అంది. తియ్యమన్నాడు. వేసుకుంటూ అర్జీ నా చేతిలోంచి లాక్కుని, తనే మళ్లీ మొదటి నుంచి చదివాడు. (ఇ) దగ్గర ఆగి, "ఇదేమిట్రా, కుర్చీ? గోలు ముందు ఎవడైనా కూర్చుంటాడా?" అన్నాడు.

కావున ఏడో అంశం, (ఇ), (ఈ) కోరికలు ఉపసంహరించుకోవడమైనది. లైన్స్‌మన్ గారు ఎక్కడున్నా వారికి, వారి తండ్రిగారికి డ్రిల్లు మాస్టారి క్షమాపణలు. (అ), (ఆ) యథాతథం. నాలుగో కౌంటరు పక్కన రెండడుగుల చోటు ఖాళీగా ఉంచితే చాలు. తాళంకప్ప నిలబడతాడట.