ముప్పై ఒకటో పేజీలో హంతకుడు

జూన్ 4

లైబ్రరీలో నా ఆరో నవల తిరగేశాను. ముప్పై ఒకటో పేజీలో కాంపౌండరు పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా, పక్కన 'వీడే' అని. హంతకుడు కాంపౌండరే. ఆ సంగతి నేను రెండువందల పదో పేజీ దాకా దాచాను. ఐదో నవల తీసి చూస్తే అరవయ్యో పేజీలో సున్నా.

ఇరవై రెండేళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి, దస్తూరీ చూడగానే తెలిసింది. మా పాత హెడ్మాస్టరు. పరీక్ష డ్యూటీలో నవల రాసుకుంటున్నానని నాకు మెమో ఇచ్చిన ఘనుడు. ఆ మెమోతోనే ఉద్యోగం మానేశాను. సున్నాలు చుట్టడం తప్ప ఆయనకు వేరే విద్య రాదు.

జూన్ 5

మా ఆవిడతో చెప్పాను. పోన్లెండి, ఒక్కరైనా చదువుతున్నారు అంది. ఇక మూడు రోజులు మాట్లాడను.

జూన్ 6

మాట్లాడాను. కాఫీ కావాల్సి వచ్చింది.

ఆగస్టు 19

ఏడో నవల సగమైంది. ఇది ఆయన ఒక్కడి కోసమే. స్కూల్లో చాక్‌పీసు పోయినా అటెండరునే అనుమానించే బుర్ర అది. అందుకే కథలో అడుగడుగునా అటెండరును పెట్టాను, చేతిలో తాళాల గుత్తితో సహా. చంపింది మాత్రం డాక్టరుగారి అత్తగారు, మంచం దిగలేని ముసలావిడ. దిగలేదని అందరూ అనుకుంటారు.

మామూలు పాఠకుల గురించి కూడా ఆలోచించండి సార్ అన్నాడు పబ్లిషరు. వాళ్ళ మొహం. చివరి పేజీ చదివి కొనాలో వద్దో తేల్చుకునే రకం.

జనవరి 11

నవల లైబ్రరీకి చేరింది. ముందుగా తీసుకెళ్ళింది ఆయనేనట.

జనవరి 30

పుస్తకం తిరిగొచ్చింది. పేజీ పేజీ చూశాను. ఎక్కడా సున్నా లేదు. గెలిచానని లైబ్రేరియన్‌కి టీ ఇప్పించాను. టీ అంతా తాగాక చెప్పాడు మహానుభావుడు: పెద్దాయనకి చూపు పోయిందట, ఆస్పత్రిలో ఉన్నారట, పుస్తకం వాళ్ళమ్మాయి తెచ్చిచ్చిందట.

పేజీలు తిప్పుతున్నప్పుడే నలభయ్యో పేజీలో మందుల చీటీ నా కళ్ళబడింది. అక్కడే ఆగిపోయాడని తట్టలేదు. పేరుకు మాత్రం డిటెక్టివ్ నవలలు రాస్తాను.

ఫిబ్రవరి 2

నవల పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. పరామర్శకు కాదు, పోట్లాడ్డానికి. గొంతు వినగానే గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. నలభై ఒకటో పేజీ నుంచి చదవమన్నాడు. క్లాసులోలాగా గొణగొద్దన్నాడు.

చదివాను.

ఫిబ్రవరి 5

యాభై మూడో పేజీలో చెయ్యెత్తి ఆపాడు. అటెండరేనయ్యా అన్నాడు.

ఎనిమిది నెలలు ఈ తప్పు కోసమే బతికాను. నోరు తెరిచాను. ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, పెన్సిలు పట్టుకున్నట్టు.

కరెక్టే సార్ అన్నాను.

ఫిబ్రవరి 6

ఇంకా నూట అరవై పేజీలున్నాయి. ఆయనకు అనుమానం రాకుండా హంతకుణ్ణి మార్చుకుంటూ చదవాలి.