గట్టు దాకా ఉంటే కిటికీ

మార్చి 4

నాన్న మళ్ళీ వెళ్ళిపోయాడు. పట్టపగలు, నేను స్నానం చేసి వచ్చేలోపు. మెయిన్ రోడ్డు మీద డివైడర్ ఎక్కి కూర్చుంటే పళ్ళబండి అతను పట్టుకొచ్చి నీడన కూర్చోబెట్టాడు. ఎక్కడికి బయల్దేరావు నాన్నా అంటే వర్క్‌షాపుకి అన్నాడు. పది కిటికీ ఫ్రేములు ఇవాళ డెలివరీ ఇవ్వాలట. ఆ వర్క్‌షాపు మూతపడి ఎంత కాలమైందో.

తమ్ముడు ఫోన్లో తేల్చేశాడు. ఇంకొక్కసారి బయటికెళ్తే హోమ్‌లో చేర్పించడమే అన్నాడు. ఆ హోమ్ నేను చూసొచ్చాను. మధ్యాహ్నం పూట ముసలివాళ్ళని మంచాలకి కట్టేస్తున్నారు. నా కంఠంలో ప్రాణముండగా పంపనన్నాను. నువ్వు అచ్చం నాన్నవే, మొండిఘటానివి అన్నాడు. అవును, అయితే ఏంటి.

మార్చి 6

తాళం వేసి చూశాను. అరచేతులు కమిలిపోయేలా తలుపు బాదాడు. దొంగలెవరో తనని బంధించారని కేకలు. పక్కింటావిడ వచ్చి ఏమ్మా, అంతా బాగానే ఉందా అని అడిగింది. ఆ చూపుకి సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మ తాళం వద్దంది. తలుపు కనబడితే వెళ్ళాలనిపిస్తుందట, కనబడకపోతే ఆ ఊసే ఉండదట. ఏదైనా కర్టెన్ కట్టి దాచేయండి అంది. ఇంతోటి దానికి ఫీజు కూడానా అనుకున్నాను గానీ, మాట నచ్చింది. తలుపులూ కిటికీలూ కర్టెన్లూ అమ్ముకునే షాపు నాది. ఇది నా చేతిలో పని.

మార్చి 9

పై నుంచి నేల దాకా గోడ రంగు కర్టెన్ వేశాను. గంట నిలవలేదు. నాన్న వంగి అంచు పట్టుకుని చూశాడు. నేలకి తగిలితే తలుపే కదే పిచ్చిమొహమా, గట్టు దాకా ఉంటే కిటికీ అన్నాడు. చిన్నప్పుడు నాకు కొలతలు నేర్పిస్తూ అన్న మాటే. నా పేరు మర్చిపోయాడు గానీ ఇది మర్చిపోలేదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 14

వీధి తలుపుని కిటికీ చేసేశాను.

కింది సగానికి గోడ రంగు కొట్టించాను. నడుం ఎత్తున అడ్డంగా చెక్క బిగించి కిటికీ గట్టులా చేసి, దాని మీద ప్లాస్టిక్ మొక్క అతికించాను. పై సగానికి ఫ్రాస్టెడ్ షీటు, దాని మీద గట్టు దాకా పొట్టి నీలం పూల కర్టెన్. హ్యాండిల్ పీకేసి గొళ్ళెం తలుపు నెత్తిన పెట్టించాను. నాన్న తల పైకెత్తి చూడడం ఎప్పుడో మానేశాడు. అనుమానం రాకుండా ఆయన గది కిటికీకి కూడా అదే గుడ్డ వేసి, గట్టు మీద ఓ పూలకుండీ పెట్టాను. జోడీ కుదిరింది.

ఇంత మంచి పని షాపులో ఎప్పుడూ చేయలేదు. కస్టమర్లకి చూపించుకునే యోగం మాత్రం లేదు.

మార్చి 15, మధ్యాహ్నం

నాన్న వచ్చి గట్టు మీద మోచేతులు ఆన్చాడు. కర్టెన్ జరిపి షీటు వైపు చాలాసేపు చూశాడు. బయట మంచు బాగా పట్టింది, ఇవాళ పని సాగదు అన్నాడు. వెళ్ళి పడుకున్నాడు.

బతికాను.

మార్చి 27

రెండు వారాలుగా ఇల్లు ఇల్లులా ఉంది. నేను షాపుకి వెళ్తున్నాను, పగలు నాన్నని కొత్తగా పెట్టిన ఆయా చూసుకుంటోంది. తమ్ముడు కూడా మెచ్చుకున్నాడు. మరి ఆయన గది కిటికీ సంగతేంటక్కా, మూడో అంతస్తు కదా, గ్రిల్ లేదుగా అన్నాడు. ఈ బిల్డింగులో ముందు వైపు గ్రిల్స్ పెట్టనివ్వరు. పోనీ తాళమన్నా వెయ్యి అన్నాడు. నాన్నకి ఎన్ని పోయినా తలుపేదో కిటికీ ఏదో తెలుసురా, కిటికీలోంచి నడిచే మనిషి కాదు అన్నాను. గాలైనా ఆడనివ్వమన్నాను.

ఏప్రిల్ 2

ఇవాళ తెగ నవ్వుకున్నాం. నాన్న హాల్లో ఉండగా తలుపు తీయొద్దని ఆయాకి లక్షసార్లు చెప్పాను. సాయంత్రం ఏదో తొందరలో తీసేసింది. కర్టెన్, మొక్క, గట్టు అన్నీ తలుపుతో పాటే ఊగుతూ తెరుచుకున్నాయి. నాన్న కళ్ళ ముందే ఆవిడ బయటికి నడిచింది. ఆయన చప్పట్లు కొట్టాడట.

నేను రాగానే దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు. ఈ ఇంట్లోవాళ్ళు కిటికీల్లోంచి పోతారే, నీలం కర్టెన్ ఉన్నవాటి నుంచి. నువ్వు బయటికెవరికీ చెప్పకు, వడ్రంగుల పరువు పోతుంది అన్నాడు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే వాడు పొలమారేదాకా నవ్వాడు.

ఏప్రిల్ 5

హాల్లో కిటికీని అటూ ఇటూ తోసి చూశాడు. ఇది బిగుసుకుపోయింది, చిత్రిక పట్టాలి అని వదిలేశాడు. నా గొళ్ళెం గెలిచింది.

ఏప్రిల్ 8

ఆయా ఫోన్ చేసేసరికి షాపులో ఎవరికో రోలర్ బ్లైండ్స్ చూపిస్తున్నాను. అమ్మా తొందరగా రండి, కింద ఉన్నారు అంది. కింద అంటే ఎక్కడ అని అడిగాను. మళ్ళీ మళ్ళీ అడిగాను.

ఏప్రిల్ 9

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఆయన గదిలో అన్నీ పద్ధతిగా ఉన్నాయి. నీలం కర్టెన్ ఒక పక్కకి జరిపి ఉంది. గట్టు మీది పూలకుండీ తీసి నేల మీద, ఎవరి కాలికీ తగలని చోట పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

పోలీసాయన జారిపడ్డారా, దూకారా అని అడిగాడు. జారలేదు. దూకలేదు. వర్క్‌షాపుకి వెళ్ళాడు. అది ఆ పోలీసాయనకెలా చెప్పను.

ఏప్రిల్ 13

తమ్ముడు వచ్చి నాలుగు రోజులైంది. నీ తప్పు కాదక్కా అంటున్నాడు. వాడూ నేనూ ఒకే మాట గుర్తు చేసుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. చెవిలో చెప్పాడు కదా నాన్న. అంత స్పష్టంగా చెప్పాడు కదా. ఇద్దరం నవ్వాం.

జీతం తీసుకోవడానికి కూడా ఆయా రానంది. ఆవిడ మీద కోపం లేదు. ఆ కర్టెన్ కుట్టింది నేను.

ఏప్రిల్ 21

గట్టు పీకేసి తలుపుని మామూలుగా చేసేయమంటారా అని మా షాపు వడ్రంగి అడిగాడు. వద్దన్నాను.

ఇవాళ షాపు తెరవాలి. చెప్పులు వేసుకున్నాను. కర్టెన్ జరిపి, నెత్తినున్న గొళ్ళెం తీసి, కిటికీలోంచి బయటికొచ్చాను.