సీలు పడిన బట్టీ, నోరు తెరవని కాయలు

అటవీ అధికారి గారి సముఖమునకు, మక్తర్ కొండల్లోని ఐన్ సుక్రా నివాసి, పైన్ గింజలు తీసే లమీన్ భార్య అర్బియా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పైన్ కాయలు కాల్చే నా బట్టీకి తమరు వేయించిన సీలును మౌలిద్ పండుగలోగా విప్పించుట గురించి.

1. మా కొండ పైన్ కాయ ముదిరినా నోరు తెరవదు. గట్టి వేడి తగిలేదాకా ఏళ్ల తరబడి కొమ్మను పట్టుకునే ఉంటుంది. ఒకటీ అరా విచ్చుకున్నా, రెక్కల గింజ గాలికి ఎగిరిపోయి ఉత్త డొప్ప రాలుతుంది. తమ ఉత్తర్వు ప్రకారం "దానంతట అదే విచ్చుకుని రాలిన కాయలను మాత్రమే" ఏరుకోవలెను. సదరు ఉత్తర్వును చెట్టుకు చదివి వినిపించితిని. ఇంతవరకు జవాబు లేదు.

2. గడచిన సోమవారం తమ గార్డు లజ్‌హర్ వచ్చి సీలు వేసెను. అప్పటి మాటలు యథాతథముగా:

"అత్తా, నీ బట్టీ వల్ల అడవి తగలబడుతుందట. పైనుంచి ఆర్డరు."

"ఇరవై ఏళ్లుగా పెరట్లో కాలుస్తున్నాను, ఒక్క రెమ్మ మాడిందట్రా? పోనీ, నిప్పు లేకుండా కాయ ఎలా విప్పాలో నువ్వే చెప్పు."

"బతిమాలి చూడు."

బతిమాలితిని కూడా.

3. పోయినేడు కాయలు దింపుతూ నా భర్త చెట్టు మీంచి పడ్డాడు. నడుము విరిగి మంచంలోనే ఉన్నాడు. ఈసారి చెట్లెక్కింది నేను, యాభై రెండేళ్ల వయసులో. ప్రవక్త పుట్టిన మౌలిద్ నాడు ఇంటింటా ఈ గింజలతోనే అసీదా పాయసం కాస్తారు. పండుగ దాటితే వీటిని అడిగే నాథుడుండడు. మా ఏడాది గోధుమలు వీటి మీదే. నాకు భయంగా ఉందయ్యా. ఈ మాట ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియలేదు.

4. నా పద్నాలుగు బస్తాల కాయలను సాక్ష్యం పేరిట తమ ఆఫీసు వెనుక రేకుల గదిలో వేయించిరి.

కావున సీలు విప్పించి, బస్తాలు తిరిగి ఇప్పించవలసినదిగా ప్రార్థన. కుర్చీలోంచి లేవకుండానే అయ్యే పని గనుక దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు (పండుగ వరకు),
అర్బియా

తా.క. ఈ ఆగస్టు ఎండకు తమ రేకుల గది నా బట్టీ కన్నా బాగా కాగుతోంది. లోపల టపటపమంటోందని, దొంగలేమోనని లజ్‌హర్ నిన్న కర్ర పట్టుకుని పరిగెత్తాడట. దొంగలు కాదు, నా కాయలు విచ్చుకుంటున్నాయి. తమ కార్యాలయంలో అనుమతి లేని బట్టీ నడుచుచున్నట్లు ఇందుమూలముగా ఫిర్యాదు చేయడమైనది.

ఇందాక మీ అమ్మగారు స్వయంగా వచ్చారు. "అర్బియా, ఎప్పట్లాగే రెండు కిలోలివ్వు. మావాడికి నీ గింజల అసీదా తప్ప గొంతు దిగదు" అన్నారు. "గింజలన్నీ మీవాడి ఆఫీసులోనే రాలుతున్నాయమ్మా, వెళ్లి ఊడ్చుకోండి" అన్నాను. విషయమంతా విని, నా చీపురు అడిగి తీసుకున్నారు. ఈ అర్జీ కూడా ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను.