నా బల్ల మీద నీలం కార్డు

రాగిణి మేడం గారికి,

నమస్కారం. నా బల్ల మీద పెట్టించిన నీలం కార్డు తీసేయడానికి దయచేసి అనుమతి ఇవ్వండి. ఇది కూడా రాసే అడుగుతున్నాను, నోరు తెరిచి అడగడం నాకు రాదు.

వేసవిలో మన చిక్కడపల్లి ఆఫీసులో ట్రైనింగ్ పెట్టించి, ఎవరి స్వభావం ఏమిటో తెలిస్తే కలిసి పనిచేయడం తేలికవుతుందన్నారు. నేను మితభాషినని, 'ముందు మెసేజ్ పెట్టండి' అని కార్డు రాసిచ్చారు. మంచే జరిగింది. ప్రూఫులు దిద్దేటప్పుడు ఎవరూ కదిలించకపోవడంతో అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు చదివే మన గైడ్లలో తప్పులు తగ్గాయి.

నా భార్య ప్రభావతి పోయాక మొన్న సోమవారం డ్యూటీకి వచ్చాను. అందరూ మెసేజ్‌లోనే పరామర్శించారు. పక్క సీటు ఇంద్రసేన లేచి నా దాకా వచ్చాడు. కార్డు చూసి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి నా ఫోన్ మోగింది. 'అన్నా, నీకు మాట్లాడాలనిపించినప్పుడే మాట్లాడు' అని రాశాడు.

ఇదివరకైతే, "ఏందన్నా గట్ల కూసున్నవ్? పా, నారాయణగూడల చాయ్ తాగొద్దాం" అని చెయ్యి పట్టుకుని లాగేవాడు. నేను విసుక్కుంటూనే వెళ్లేవాణ్ణి. కార్డు లేకపోతే మళ్లీ లాగుతాడేమోనని ఆశ. అతన్ని ఏమీ అనకండి, మీరు నేర్పినట్టే నడుచుకున్నాడు.

ట్రైనింగ్ రోజు ఇచ్చిన ప్రశ్నల కాగితంలో 'ఒంటరిగా ఉండడం మీకు ఇష్టమా?' అని ఉంటే అవునని టిక్కు పెట్టాను. అప్పుడు సాయంత్రం ఇంటికి వెళ్తే తలుపు తీసే మనిషి ఉండేది.

కిటికీ పక్క సీటు నుంచి,
మీ ప్రూఫ్ రీడర్