అమ్మింది ఎడ్లనే

బాన్సువాడ,
జులై 1998

పిట్లం రాజాబాబు గారికి,

మీ కోపపు ఉత్తరం అందింది. నా దగ్గర కొన్న ఎడ్ల జత మీ పొలంలో అడుగు వేయడం లేదని, నేను మోసం చేశానని రాశారు. అయ్యా, నేను అమ్మింది ఎడ్లను. వాటిని తోలే మా పాలేరు మోతీరాంను కాదు. దమ్ము చేసిన మడిలో, చదును చేసే బల్ల మీద అతను నిలబడి కబుర్లు చెబుతుంటేనే అవి లాగుతాయి. ఆ కబుర్లు బేరంలో లేవు.

పశువును అమ్మినా తాడు ఇవ్వకూడదన్న ఆచారం మీకు తెలుసు. ఇంటి లక్ష్మి పోకూడదని తాడు నేనే ఉంచుకున్నాను. మోతీరాం నవ్వాడు. "ఉంచుకో బాబూ. గవి తాడు వెంట ఎన్నడన్న వచ్చినయా? నా వెంట వస్తయి" అన్నాడు. పాలేరు మాటేగా అని తాడును చూరులో దోపాను.

ఎడ్ల బదులు కొన్న కొత్త ట్రాక్టరు మీద అతన్నే కూర్చోబెట్టాను. దానికీ కబుర్లు చెబుతున్నాడు. అది వినదు. నిన్న కాలవ పక్క మడిలో ఇరుసుదాకా దిగబడింది. ఊరంతా వచ్చి చూసింది, లాగడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

అందుచేత, మోసం మాట మరచిపోయి, ఎడ్లను ఒక్కరోజు పంపండి. ఈ ఉత్తరం తెచ్చినవాడే మోతీరాం. మీరు చదవడం పూర్తయ్యేలోపే అవి మీ గేటు దాటి ఉంటే నన్ను అనకండి. తాడు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

ఇట్లు,
న్యాయంగా అమ్మినవాడు